ఇంక కాయనీ

అబర్డీన్‌లో ఉతికిన బట్టకి కూడా ఉప్పు వాసనే.
ఇష్‌బెల్ పెరడు
రెండు దుప్పట్లు ఆరేస్తే నిండిపోతుంది.
బొగ్గుల కొట్టు పక్కన
ఒకే ఒక్క గులాబీ పొద.

ముప్ఫై రెండేళ్లు చేపలు కోసిన చెయ్యి.
ముల్లంటే దానికి లెక్కలేదు,
చేపదైనా, చెట్టుదైనా.

జూన్‌లో విరగబూసింది. వాడింది.
అయిదాకుల రెమ్మ దాకా వేలితో తడుముకుంటూ దిగి
దాని పైన చటుక్కున కత్తిరించింది.
ఆరు వారాలకి మళ్లీ మొగ్గలు.
మళ్లీ కత్తెర.

"కాయ కట్టనివ్వకూడదు. అంతే కిటుకు.
కాయలేదన్న బెంగతో
పూస్తూనే ఉంటుంది పిచ్చిది."
కాసేపాగి అంది:
"మా మేస్త్రీ కూడా ఇంతే.
ఒక పెట్టె అవగానే
ఇంకో పెట్టె తోసేవాడు ముందుకి."

ఇవాళ గోడ మీంచి చూశాను.
సెప్టెంబరు ఎండ, ఉందా అంటే ఉంది.
వాడిన పూలు నాలుగు, కొమ్మలకే ఉన్నాయి.
కత్తెర ఏప్రాన్ జేబులో.

"మర్చిపోయావా?"

"లేదు. చలొస్తోంది.
ఇంక కాయనీ దాన్ని."

కొట్టు రేకు మీద
పూరేకు ఒకటి రాలింది.
చప్పుడేం కాలేదు.
అయినా ఇద్దరం అటే చూశాం.