చివరి మైలు

హాలు తాళాలు నా దగ్గరుంటాయి, అందుకని టీ కూడా నా వంతే.
ఆ సాయంత్రం అరవై కుర్చీలు వేశాను.
చాలలేదు. గోడవారన నిలబడ్డారు,
బూట్లనిండా ఎర్రమట్టితో.

కాన్‌బెరా నుంచి వచ్చినతను పటం పరిచాడు.
ఊదారంగు ఉన్నచోట గాజుతీగ,
పసుపున్నచోట పాత రాగి.
మా ఊరు అతని బొటనవేలి కింద.

"గుమ్మం దాకా గాజే రావాలి" అన్నాడు లాక్లన్.
"ఎవడబ్బ సొమ్మని?" లేచింది గ్వెండలిన్.
పన్నులంటే ఆమెకి ఒళ్ళు మంట,
పెన్షను మాత్రం ఒకటో తారీకుకే కావాలి.
ఎవరో కోట్లు లెక్కపెట్టారు. ఎవరో సిడ్నీని తిట్టారు.
గొర్రెల ధర కూడా వచ్చింది మధ్యలో,
ఎటునుంచి వచ్చిందో తెలీదు.

వెనక బెంచీలో టాన్సీ, పన్నెండేళ్ళది,
నోరు విప్పలేదు.
దాని లెక్కల పాఠం రోజూ
నీళ్ళ ట్యాంకు నిచ్చెన ఏడో మెట్టు మీద.
ఆరో మెట్టుకి అందదు.

అప్పుడు మెర్విన్,
ముప్పై ఒక్క ఏళ్ళు లైన్‌మన్‌గా చేసినవాడు,
జేబులోంచి తీసి బల్లమీద పెట్టాడు
మూరెడు రాగితీగ.
అతుకు దగ్గర బ్రెడ్డు సంచీ చుట్టి ఉంది.
"తొంభై నాలుగులో, వానలో, నేనే చుట్టాను.
తాత్కాలికంగా."

బిస్కెట్ల పక్కన అది చచ్చిన తొండలా పడుంది.
కాసేపు గుటకల చప్పుడే.
తర్వాత మళ్ళీ కోట్ల దగ్గరికే వెళ్ళారు.

పది దాటాక అందరూ పోయారు, పటమూ పోయింది.
తీగ మిగిలింది.
గేటు గడియ ఊడి ఏడాదవుతోంది,
కౌన్సిల్‌కి మూడుసార్లు రాశాను.
దాంతోనే బిగించి కట్టాను,
తాత్కాలికంగా.