బేగి

మా ఊళ్ళో త్వరగా అనరు, బేగి అంటారు.
మాట కూడా సగంలోనే ఒడ్డు చేరిపోతుంది.

ఫిషింగ్ హార్బర్ జెట్టీ మీద
తడి సిమెంటు దిమ్మె, దాని మీద నేను,
ఒళ్ళో అట్ట, అట్టకు రెండు క్లిప్పులు.
పోర్టు ఆఫీసులో నా రిజిస్టరు ఎనిమిదింటికి తెరుచుకుంటుంది.
ఇక్కడ వేలంపాట ఆరింటికే.
మధ్యలో ఉన్న ఆ కాస్త పొద్దే నాది.

మొదట్లో కన్నుతో మొదలుపెట్టేదాన్ని.
చేప కన్ను, పొలుసు, మొప్ప, మళ్ళీ పొలుసు.
తల పూర్తయ్యేలోగా చేప అమ్ముడుపోయేది.
ఆ నోటుబుక్కు నిండా
మొండేల్లేని వంజరాలు.

పడవలకు పేర్లు రాసే చోడిపల్లి ఎర్రన్న
ఒకరోజు నా వెనక నిలబడి
బీడీ సగం కాలేదాకా చూశాడు.
"ముందు పడవ గియ్యమ్మా,
మేకులు తరవాత కొట్టుకుందువు."

తర్వాత ఆయన పని నేను చూశాను.
బోటు ఒడ్డున ఒరిగి ఉన్నంతసేపే ఆయనకు గోడ.
పోటొస్తే గోడ లేచి వెళ్ళిపోతుంది.
వేళ్ళతో కాదు, భుజంతో రాస్తాడు.
తలకట్లన్నీ ఒక్క ఊపులో, వరసగా;
ఆనక గుడులు, కొమ్ములు;
సున్నాలు ఆఖర్న,
పిల్లలకు చిల్లర పంచినట్టు.

పెన్సిలు చివర పట్టుకోవడం అప్పుడొచ్చింది,
చీపురు పట్టుకున్నట్టు.
రబ్బరు ఇంట్లో వదిలేశాను.
తప్పు గీత ఉండనీ, పక్కనే ఇంకోటి గీస్తే
రెండూ కలిసి ఊగే బోటవుతాయి.

కళ్ళు చికిలించి చూడు.
మనుషులు పోతారు, గంపలు పోతాయి,
నల్లగా డాల్ఫిన్ నోస్ కొండ ఒక ముద్ద,
తెల్లగా ఐసు గుట్ట ఒక ముద్ద.
ఆ రెండూ పడ్డాక
తక్కినదంతా బేరం.

రంగులు ఇంటి దగ్గరే కలిపి తెస్తాను
మూడు హోమియో సీసాల్లో:
బూడిద నీలం, తుప్పు, రొయ్య రంగు.
కుంచె ఒకటే, బొటనవేలంత.
సన్న కుంచె చేతిలో ఉంటే
మనసు మళ్ళీ పొలుసుల మీదకే పోతుంది.

ఈ గాలికి కాగితం ఆరదు.
ఆరేదాకా ఆగితే ఎనిమిదవుతుంది.
అందుకని తడి మీదే తడి.
నీలం అంచు దాటి తుప్పులోకి పోతే పోనిస్తాను;
నీళ్ళలో మరపడవ నీడకు మాత్రం
ఎక్కడ ఆగాలో తెలుసా ఏం?

మరి కదిలేవాళ్ళు?
అది దేముడమ్మ దగ్గర తెలిసింది.
కత్తిపీట మీద పండుగప్ప కోస్తుంది:
వంగుతుంది, నొక్కుతుంది, విదిలిస్తుంది,
చెంగుతో చెంప తుడుచుకుంటుంది.
మళ్ళీ వంగుతుంది.
వెళ్ళిపోయిన వంపు వెనక్కి వస్తుంది,
దాని చోటు ఖాళీగా ఉంచి ఆగాలంతే.
ఒకే కాగితం మీద నలుగురు దేముడమ్మలు,
ఏది తిరిగొస్తే దానికో గీత.

నిన్న ఒకటి పూర్తయింది. ఏడు నిమిషాలు.
చేతులు కుచ్చిళ్ళకు తుడుచుకుని వచ్చి చూసింది.
"నా ముక్కేదే?"
టైము చాల్లేదన్నాను.
"నోరూ లేదు!" అని అంత నోటితోనూ నవ్వింది.
నవ్వాపి వేలు పెట్టింది
కుడి భుజం మీద,
నేను కాగితం చూడకుండా లాగిన గీత,
ఒక పక్క కాస్త పైకి లేచింది.
"ఇది మటుకు నాదే.
తుపానొచ్చిన ఏడు బోటు తగిలి ఇరిగింది.
సరిగ్గా అతకనేదు."

నేనది చూసినట్టు నాకే గుర్తులేదు.

ముక్కు పెడదామని కుంచె ఎత్తాను.
"ఒగ్గీ," అంది, "బేగెల్లు, బస్సెల్లిపోద్ది."

బస్సులో రెండు అరచేతుల మీద కాగితం,
తొణికే పళ్ళెంలా.
టికెట్టుకి చిల్లర తియ్యడానికి చెయ్యి లేదు.
కండక్టరు ఒంగి చూసి
"ఇంకా అవ్వలేదా మేడం?" అన్నాడు.
కాన్వెంటు జంక్షన్ కుదుపుకి
నీలం బొట్టొకటి జారి
ముఖం ఉండాల్సిన చోట ఆగింది.
దాని పక్కనే ఒక పొలుసు అంటుకుని మెరుస్తోంది,
నేను వెయ్యనిది.