ఊర్ల టీచర్

రసూల్‌పురల మా బడి గోడకు అవతల
పాత ఎయిర్‌పోర్టు గోడ.
పెద్ద విమానాలు ఇప్పుడక్కడ దిగవు.
అయినా ఆమె వచ్చిన రోజు
ఆ గోడ దూకే వచ్చిందనుకున్నరు పిల్లలు.

ఐర్లాండట. పేరు ఓర్లా.
మా పిల్లల నోట్ల పడ్డంక ఏ పేరు నిలుస్తది?
పగటి బువ్వ యాల్లకే ఊర్ల టీచర్ అయింది.
ఏ ఊర్ల అని హెడ్మాస్టర్ నవ్విండు.
ఆమె కూడా నవ్వింది, అర్థంగాక.

నేను ఆయమ్మను.
పద్నాలుగేండ్ల సంది ఈడనే.
ముక్కులు తుడిచిన, లాగు గుండీలు పెట్టిన,
ఎవరు ఏ మూలకు ఏడుస్తున్నరో చూడకుండనే చెప్తా.
ఇసొంటోళ్లు ఏడాదికి ఇద్దరు ముగ్గురొస్తరు.
గోడకు సీతాకోకచిలుకలు ఏస్తరు,
ముందటోళ్లు ఏసిన తాబేళ్ల మీదనే.

ఊర్ల టీచర్‌కు బొమ్మలు రావు.
పాట అందుకుంటే నడిమిట్ల మర్చిపోతది.
ఉప్మాల మిరపకాయ కొరికి నల్లా కాడికి ఉరికిన తీరు
పిల్లలు వారం రోజులు ఆడి చూపించిండ్రు.
ఆమెకొక చాప, ఆమెకొక కప్పు, ఆమెకు ఫిల్టర్ నీళ్లు.
నాకింకొక పని.

మంగళ సంగతి చెప్పాలె.
కోస్గి కాడి పిల్ల. అమ్మానాయినది సెంట్రింగ్ పని.
ఆరేండ్లుంటయి. జూన్‌ల చేరింది,
దసరా సెలవులు అయిపోయినా
ఒక్క మాట మాట్లాడలే.
చెవులు మంచిగున్నయి, నాలుక మంచిగుంది, డాక్టర్ చూసిండు.
బెల్లం పెట్టిన. బెదిరించిన.
ఒళ్లె కూసోబెట్టుకొని నా చిన్నప్పటి ముచ్చట్లన్నీ చెప్పిన.
ఇనేది. గంతే.

ఆ రోజు ఊర్ల టీచర్ పేర్లు పిలుస్తుంది.
"మంగల."
బల్ల కిందికెళ్లి రెండు కండ్లు.
"మంగల?"
"మంగళ" అన్నది పిల్ల.
మేమనుకున్నంత సన్న గొంతు కాదు,
తడి పలక మీద బలపం గీసినట్టు.
"మంగల."
"ఊహూ. ళ."
లేచి వచ్చి, నోరు తెరిచి,
నాలుక ఎనకకు మడిచి
ఆమె కండ్ల ముందు పెట్టింది.
నేను ఉప్మా గిన్నెతోని వాకిట్లనే నిలబడ్డ.

పదకొండు వారాలు ఒకటే చదువు.
కాళ్లు. నీళ్లు. తాళం. గోళీ. వేళ్లు.
ఆమె తప్పు చెప్పేది, ఇది దిద్దేది.
ఆమె రాక తప్పిందో, వచ్చి తప్పిందో
నాకిప్పటికీ తెల్వదు.

నాకు నిద్రపట్టని సంగతి ఒక్కటే:
ఆ పిల్ల పేరు నేను ఏనాడూ తప్పు పలకలే.

ఫిబ్రవరిల పోయింది.
పిల్లలకు రంగు పెన్సిళ్లు. నాకొక ఊలు టోపీ,
ఎండాకాలం ముంగట, హైదరాబాద్‌ల.
తెల్లారి మంగళ మళ్లీ బల్ల కింద.
శిక్షణ విమానం చిన్నది గుర్రుమన్నప్పుడల్లా
కిటికీ దాకా పోయి వచ్చేది.
"ఊర్ల టీచర్ ఊర్ల లేదు" అన్నడు ఇల్యాస్.
అందరు నవ్విండ్రు, ఒక్క పిల్ల తప్ప.

జులైల ఇంకొకాయన దిగిండు, గడ్డమాయన.
పిల్లలు పేరు అడగలే.
"ఎన్ని రోజులు?" అన్నరు.
ఆయన మూడు వేళ్లు లేపిండు.
వారాలో, నెలలో.
మూడు రోజులే అని తేల్చేసి
ఇల్యాస్ గోళీలాటకు పోయిండు.

గురువారం గుడ్డు పెట్టే రోజు.
పళ్లాలు పట్టుకొని వరుస.
నాకేమనిపించిందో,
"మంగల" అన్న, గట్టిగ.
ఉలుకు లేదు, పలుకు లేదు.
నాకే సిగ్గనిపించింది, అయినా ఇంకోపారి,
"మంగల, నీ గుడ్డు."
వచ్చింది. పళ్లెం చాపింది. నన్ను ఎగాదిగ చూసింది.
"నీకు వస్తది" అన్నది.
దొంగను పట్టినట్టే పట్టింది.

గుడ్డు తీసుకొని, నాలుగడుగులేసి, మళ్లొచ్చి,
"ఆయమ్మా, నువ్వెన్ని రోజులుంటవ్?"

పద్నాలుగేండ్లల ఎవరూ అడగలే ఈ మాట.
ఎనక ఇరవై ముగ్గురు పళ్లాలు కొడుతున్నరు.
ఒక చేతిల గంటె, ఒక చేతిల బకెట్.
చూపిద్దామంటే
వేళ్లు ఖాళీ లేవు.