ఒకే ఒరలో

అవైరో ఉప్పుమడుల్లో
నలభై ఏళ్లు నెత్తిన ఉప్పు మోశాను.
కళ్లు మండని రోజు లేదు.
ఫిబ్రవరిలో ఒక పొద్దున
ఎడమకన్ను మంట లేకుండానే మసకేసింది:
ఆల్బానో మొహంలో గడ్డం ఉంది, నుదురు లేదు.
ముందు నవ్వాను.
తర్వాత భయమేసింది.

కోయింబ్రా ఆసుపత్రిలో డాక్టర్ టెలెష్
నా కంటి అడుగు ఫోటో చూపించింది.
పగిలిన దానిమ్మ.
"ఇదిగో, దోనా డియోలిండా,
ధమని సిరని దాటే చోట
రెండింటికీ ఒకటే ఒర.
వయసుకి ధమని బిగుసుకుపోయింది.
కిందున్న సిర నలిగి నెత్తురు నిలిచిపోయింది."
ఆల్బానో ఒళ్లోని టోపీని చూసుకున్నాడు.
పెళ్లయి నలభై మూడేళ్లు.
నేనేమీ అనలేదు.

మూడుసార్లు సూదిమందు వేశారు.
నీరు మళ్లీ ఊరింది.
"ఒర కోసి విడదీస్తాను," అంది జూన్‌లో,
"అందరూ చేసే పని కాదు.
చూపొస్తుందని మాటివ్వను."
ఆ చివరి మాటకే సరేనన్నాను.
మాటిచ్చే ఉప్పు బేరగాళ్లని చాలామందిని చూశాను.

కన్ను మొద్దుబారింది, నేను మేలుకునే ఉన్నాను.
నీలిగుడ్డ కింద ఎవరో నర్సు వేలందించింది,
దగ్గొచ్చేలా ఉంటే ముందే నొక్కమంది.
అప్పుడు చూశాను,
ఇలా కనబడుతుందని ఎవరూ చెప్పలేదు,
బయట కాదు, లోపల,
వెలుతురు నిండిన నీళ్లలో
రెండు సన్నటి నల్లని నీడలు,
తెల్లారగట్ల మడిలో దిగిన
కొంగ కాళ్లలా.
ఒకటి దీపం పట్టుకుంది.
ఒకటి వంగిన కొసతో
ఏదో గీరింది, ఆగింది,
మళ్లీ గీరింది.
మా నాన్న తూముకి పట్టిన నాచుని
పారతో కాదు, గోటితో తీసేవాడు,
గట్టు తెగుతుందని.
ఊపిరిని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

"అంచున చిన్న చిరుగు పడింది, గాలి నింపాను,
వారం తలవంచుకుని ఉండాలి."
బుట్ట జారుతుందని
ఏనాడూ వంచని తల.
వంటింటి బల్లకి నుదురానించి
నేల చూస్తూ కూర్చున్నాను.
ఆల్బానో చెప్పులు వస్తాయి, పోతాయి.
సూప్ మాడిన వాసన.
తిండికి తలెత్తితే
కంట్లో నీటిమట్టం ఊగుతుంది
పడవ అడుగున మిగిలిన నీళ్లలా.
బుడగ పైకే తేలుతుందట,
నాకు మాత్రం అడుగున కనిపించింది.

నవంబరు.
మడిగట్టు నడుమ వంకరగా ఉంది.
వెళ్లి కాలితో తడిమి చూశాను,
తిన్నగానే ఉంది.
ఆల్బానో నుదురు తిరిగొచ్చింది,
ముడతలు లేకుండా.
ఆ సంగతి డాక్టరుకి చెప్పాను.
ఆయనకి చెప్పలేదు.