నూటికి ఎంత

బంగాళాదుంపల కోతకి మూడు వారాలు బడి మూసేస్తాం మేం.
మేయిన్ రాష్ట్రపు ఈ ఉత్తరపు కొసన
దాన్ని సెలవనరు, పని అంటారు.
మళ్ళీ తెరిచిన రోజున డెల్ఫీన్ సీర్ నా గదికొచ్చింది,
గోళ్ళ కింద మట్టి ఇంకా వదల్లేదు.
"కుండ బద్దలు కొట్టినట్టు చెప్పండి, మిస్టర్ టార్డిఫ్.
నాకు నూటికి ఎంత?"

నేను కౌన్సెలర్ని.
మంగళవారాలు బస్సు కూడా నడుపుతాను.

మామూలుగా దరఖాస్తు పెడితే నూటికి ఆరుగురు, అన్నాను.
నవంబరు ఒకటిలోగా, మీరే కావాలి,
మీరు రమ్మంటే ఇంకెక్కడికీ పోను అని రాసిస్తే
పద్దెనిమిది.
ఆమె కళ్ళు పద్దెనిమిది దగ్గరే దిగబడ్డాయి.
ఆగు.
అందులో తెడ్లు వేసేవాళ్ళున్నారు,
కోచ్ వేసవిలోనే వేలుపెట్టి చూపించినవాళ్ళు.
తాత పేరు లైబ్రరీ గోడమీద ఉన్నవాళ్ళున్నారు.
"వాళ్ళని తీసెయ్యండి."
పెన్సిల్ కొరుకుతూ తీసేశాను.
తొమ్మిది మిగిలింది.
పది అనుకో, అన్నాను,
చిల్లర లేని దుకాణదారులా.

మా బడిలో కాలిక్యులస్ లేదు.
చెప్పే ఆవిడ పోర్ట్‌లాండ్ వెళ్ళిపోయింది.
డెల్ఫీన్ దాన్ని ట్రాక్టరు షెడ్డులో, ఫోనులో నేర్చుకుంది,
సిగ్నలు ఒక్క గీత దొరికే మూల నిలబడి.
అది ఏ గడిలో రాయాలో నాకూ తెలీదు.
పతకాలకి గడి ఉంది, క్లబ్బులకి ఉంది.
ఐదు కోతలుగా హార్వెస్టర్ మీద నిలబడి
బెల్టు మీద దుంపల్లోంచి రాళ్ళేరడాన్ని
'ఇతరములు' కింద రాసుకుంది.
వారానికి అరవై గంటలు.
నమ్మరేమో, యాభై చెయ్యి, అన్నాను.
చెయ్యలేదు.

సంతకాలు మూడు కావాలి. తనది, నాది, తల్లిది.
సోలాంజ్ కోటు విప్పకుండానే కూర్చుంది.
"విత్తనం పడకముందే మేం చిప్స్ ఫ్యాక్టరీకి సంతకం పెడతాం.
కట్టుబడ్డం మాకేం కొత్త కాదు.
కాకపోతే ఆ కాగితంలో ధర ఉంటుంది."

ధర అంచనా కట్టే లెక్క ఒకటుంది ఆ విశ్వవిద్యాలయానికి.
పొలం విలువ అడిగింది, వేశాం.
పొలం మీది అప్పు ఎక్కడ వెయ్యాలో వెతికాం, వెతికాం.
తెర మీద సోలాంజ్ భాగ్యవంతురాలైంది.
నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.
"చాలకపోతే వెనక్కి రావచ్చా?"
రావచ్చు. డబ్బు చాలదని చెబితే వదిలేస్తారు.
"చెప్పాల్సింది ఎవరు?"
జవాబు ఆ గదిలోనే ఉంది,
బ్యాగు జిప్పు లాగుతూ, మూస్తూ.

నా సొరుగులో పసుపుపచ్చ అట్ట నోటుబుక్కు ఒకటుంది.
పదకొండేళ్ళలో ఇలాంటి చోట్లకి ఐదుగురు.
ఒక్కడికి వచ్చింది.
ఐదింట ఒకటంటే నూటికి ఇరవై, చెప్పుకోడానికి బావుంటుంది.
ఐదుగుర్ని నూరు చెయ్యడం మోసమని ఊరుకున్నాను.
ఆ ఒక్కడూ మొదటి క్రిస్మస్‌కే
పెట్టె సర్దుకుని తిరిగొచ్చాడని
అసలే చెప్పలేదు.

సోలాంజ్ సంతకం పెట్టింది. పెన్ను రాయక
రెండుసార్లు విదిలించి మరీ పెట్టింది.

డిసెంబరు మధ్యలో, కిటికీ సగం మంచులో ఉన్న పొద్దున,
డెల్ఫీన్ తలుపు దగ్గరే నిలబడి చెప్పింది.
"కాదనలేదు. అవుననలేదు.
మార్చిలో మిగతావాళ్ళతో కలిపి మళ్ళీ చూస్తారట."
టోపీ మీది మంచు దులుపుకుంది.
"ఇప్పుడు నూటికి ఎంత?"

పెన్సిల్ తీశాను. కాగితం తీశాను.
ఒక్క అంకె పడలేదు.
ఎందుకో వేరే అడిగాను:
అన్నిటికీ మట్టే కదా, ఏది రాయో ఎలా తెలుస్తుంది నీకు?
"చూస్తే తెలీదు," అంది.
"చేతిలోకి తీసుకోవాలి."
బెల్టు అంతసేపు ఆగుతుందా?
"ఆగదు."

ఆ రోజు మంగళవారం.
బస్సు తాళాలు వెతుక్కున్నాను.