ఇంటిపేరు: మాను

ఆదివారం అందరూ వంశవృక్షాలు చుట్టి పట్టుకొస్తారు.
నాది ఉత్త మాను.
మాను సువార్త.
రేషను కార్డులో, మెట్టుగూడ చర్చి బాప్తిస్మం పుస్తకంలో.
బడిలో కట్టెల అడితి వాళ్లమనుకునేవారు.

"మా మామగారి నాన్న డచ్చోడంట" అనేది నానమ్మ,
అదీ తలుపేసి.
ఏ ఊరని అడిగితే
ఎసరు పొంగుతోందని లేచిపోయేది,
పొయ్యి మీద ఏమీ లేకపోయినా.

నలుగురం మేము.
రోడ్రిక్ డిక్రూజ్, గూడ్సు బండి గార్డుగా చేసి దిగినవాడు,
సమాధుల తోటకి భార్య అద్దం తెస్తాడు.
రాతికి పిండి రుద్దనివ్వడు, సుద్ద తాకనివ్వడు.
అద్దం వాల్చి
భోయిగూడ ఎండని ఏటవాలుగా పోస్తాడు అక్షరాల మీద.
అరిగిన పేర్లు అప్పుడు లేస్తాయి,
బడికి లేపిన పిల్లల్లా, సగం సగం.
పరంజ్యోతి టీచరుకి మూడేళ్లుగా తన తాత దొరకడం లేదు.
ఆ కోపమంతా మా తేదీల మీద.
"ఆధారం?" అంటుంది, చేయి చాచి,
హోంవర్క్ అడిగినట్టు.
ఖుర్షీద్ బేగానికి వెతకాల్సినవాళ్లే లేరు,
తొమ్మిది తరాలు నోటికొచ్చు.
మా కోసమే వస్తుంది తార్నాక ఆర్కైవ్సుకి,
పురుగులు వదిలిన షికస్తా రాత
మాకు చదివి పెట్టడానికి.

లాలాగూడ వర్క్‌షాపు జీతాల చిట్టాలో దొరికాడు:
హోల్జ్‌మాన్, నమూనా వడ్రంగి.
ఇనుము పోసే ముందు
కర్రతో చక్రం చేసి చూపించే పని.
టీచరు జర్మన్ నిఘంటువు తిప్పింది.
"హోల్జ్ అంటే కర్ర."
చిట్టాల గదిలో నవ్వకూడదు. నవ్వాను.
ఎవరో గుమాస్తా
చెవికందిన తోక మాత్రం పట్టుకుని
మాను అని రాసి పడేశాడు.
తప్పు రాయబోయి
తర్జుమా చేశాడు.

తర్వాతి చిట్టా పంతొమ్మిది వందల పద్నాలుగు.
యుద్ధమని, జర్మనీవాడని
అహ్మద్‌నగర్ క్యాంపుకి పట్టుకుపోయారు.
డచ్చోడు ఎప్పుడు ఎందుకయ్యాడో
అప్పుడు తెలిసింది.
జప్తు వస్తువుల మీద ఖుర్షీద్ వేలు నడిచింది.
చిత్రికలు మూడు. బాడిశ.
గోడ గడియారం, నడవనిది.
"ఏక్ గహ్వారా, నాతమామ్."
వేలు ఆగింది.
"ఊయల, సువార్తా. పూర్తికానిది."
తాత పుట్టింది ఆ డిసెంబరులోనే.
వేలంలో పోయిన ప్రతిదాని పక్కనా ధర ఉంది.
ఊయల పక్కన ఖాళీ.

మా ఇంట్లో చెప్పుల అర ఒకటుంది.
అడుగున రెండు వంపు చెక్కలు.
ఊగుతోందని అమ్మ ఇటుక ముక్క దోపింది,
నేను పుట్టకముందెప్పుడో.
ఆ రాత్రి చెప్పులన్నీ కింద పోసి
ఇటుక లాగేశాను.
తోస్తే ఊగింది,
ఒక్కో ఊపుకీ చిన్నగా కిర్రుమంటూ.

రోడ్రిక్ మోకాళ్ల మీద కూర్చుని
టార్చి వేసి చూశాడు.
"చెక్క పాతదే.
మేకులు ఆ కాలంవి కావమ్మాయ్.
చాలా తర్వాత ఎవరో కొట్టారు."
"పూర్తి చేసినవాళ్లు కొట్టుండొచ్చుగా"
అంది పరంజ్యోతి టీచరు,
మూడేళ్లలో మొదటిసారి
ఆధారం అడగకుండా.
ఎవరూ మాట్లాడలేదు.
ఖుర్షీద్ టీ చల్లారిందంది.

కాగితం మీద మాను పక్కన
పెన్సిలుతో ఊయల గీశాను,
దాని పక్కన ప్రశ్నార్థకం.
పెన్సిలుతోనే, చెరపడానికి వీలుగా.
తర్వాత ఇటుక మళ్లీ దోపాను.
ఊగితే చెప్పులు పడిపోతున్నాయి.