తల వంచిన చోటు

ఆస్టూరియస్ కొండల్లో ఆ గని మూతపడి పద్దెనిమిదేళ్లు.
పంపులు ఆపేశాక నీళ్లు పైకొచ్చాయి,
ఇప్పుడు రెండో అంతస్తు దాటి ఎవరూ దిగలేరు.
అందుకే దాన్ని మళ్లీ కట్టాం, ఉత్త వెలుతురుతో,
కంపెనీ పాత పటాలు చూసి,
ఒక బడి వ్యాయామశాలలో, బాస్కెట్‌బాల్ గీతల మీద.

నా పని చిన్నది. దారి రికార్డు చెయ్యడం.
కళ్లకి పెట్టె కట్టుకున్న పిల్లల ముందు
ఒక దీపం నడుస్తుంది.
అది ఎటు పోవాలో, ఎక్కడ ఆగాలో
ఎవరో ఒకరు ఒక్కసారి నడిచి చూపించాలి.
ఆ చేతిలో దీపం ఎక్కడుందో
సెకనుకి ముప్పై సార్లు
మూడేసి అంకెలుగా రాసుకుంటుంది యంత్రం.
మాకు దారంటే అంతే, పొడుగాటి అంకెల పట్టీ.

బెలార్మినో వచ్చాడు, డెబ్బై ఆరేళ్లు,
ఇస్త్రీ చొక్కా, ఫోటో తీస్తామనుకున్నాడు కాబోలు.
నడుముకి వైరు బిగిస్తుంటే అడిగాడు:
"ఇది గాలికా, ఫోనుకా?"

మొదటిసారి నడక కాదు, పరుగే.
నాలుగు నిమిషాల్లో గనంతా చుట్టేశాడు.
పిల్లలు వెనకబడతారండీ అంటే
"షిఫ్టు దిగే వేళ ఇంతే నడుస్తాం,
బోను మనకోసం ఆగదు."

రెండోసారి ప్రతి దుంగ దగ్గరా ఆగాడు.
గాలిని వేలి కణుపులతో తట్టి, చెవి ఒగ్గి విన్నాడు.
పైన్ కర్ర మంచిదట, విరిగే ముందు చెప్తుందట.
ఇనుము చెప్పదు.
ఆ రికార్డులో దీపం
తాగి ఇంటికి పోయేవాడిలా ఉంది.

మూడోసారి అన్నీ కుదిరాయి.
నలభై మూడో మీటరు దగ్గర,
నేల చదునుగా, కప్పు ఎత్తుగా ఉన్నచోట,
ఉన్నట్టుండి తల వంచాడు.
దీపం మోకాలి దాకా దిగింది.
నాలుగడుగులు అలాగే వేసి, నిటారయ్యాడు.

"అక్కడేం లేదండీ."
"నీ బొమ్మలో లేదు,"
అన్నాడు, పెట్టె తియ్యకుండానే,
నేననుకుని బాస్కెట్‌బాల్ స్తంభంతో.
"డెబ్బై తొమ్మిదిలో దూలం కుంగింది.
పటం గీసినాయన ఆఫీసులో కుంగలేదు."
పెట్టె తీశాక నుదురు చూపించాడు.
అడ్డంగా నీలం గీత.
బొగ్గు లోపలే ఉండిపోతే
గాయం ఆ రంగులో మానుతుంది.

ఆ దూలం పెడదాం అన్నాను షువాకూతో.
కొలత లేదు, కాగితం లేదు, పెట్టను అన్నాడు.
తప్పు కాదు, అతని పని అతనిది.
డైరెక్టరు ఒనోరీనా తెర చూసి
"ఇక్కడ దీపం జారిపడినట్టుంది, సాఫీ చెయ్యి" అంది.

దానికి ఒక మీట ఉంది.
నొక్కాను.
వణుకులు సర్దుకున్నాయి, గుంట పూడింది,
దీపం నూనె మీద బొట్టులా జారిపోయింది.
ఎవరు నడిచారో చెప్పడానికి ఒక్క ఆనవాలు లేదు,
మేయరైనా నడిచి ఉండొచ్చు.
వెనక్కి తిప్పాను. భద్రం చేశాను.
సాఫీ చేశానని ఒనోరీనాకి చెప్పాను.

ప్రారంభం రోజు ఇరవై రెండుమంది పిల్లలు.
అతను గోడవార మడత కుర్చీలో, అదే చొక్కా.
నలభై మూడు.
దీపం దిగింది.
ముందున్నవాడు కిసుక్కున నవ్వి వంగాడు,
వాణ్ణి చూడలేని వెనకవాళ్లు కూడా
దీపాన్ని చూసి ఒక్కొక్కరే వంగారు,
ఉత్త గదిలో, చెక్క నేల మీద,
ఎందుకో తెలియకుండా.

ఒక పొడుగు పిల్ల మాత్రం వంగలేదు.
అలాగే, తల ఎత్తి,
నేరుగా దాంట్లోంచి నడిచిపోయింది.

కుర్చీలోంచి సగం లేచి
బెలార్మినో తన నుదురు పట్టుకున్నాడు.